బైలదిల్లా క్వార్టరుకు ఒక లెక్క, నగర్నార్ ఇంటికి మరొక లెక్క
నగదేతర సౌకర్యాల పన్నులో బస్తర్ నేర్పే పాఠం

ఉద్యోగికి యాజమాన్యం ఇచ్చేది జీతమొక్కటే కాదు. ఇల్లు, కరెంటు, బడి, ఆసుపత్రి, బస్సు, చవక వడ్డీకి అప్పు వంటివన్నీ జీతం వెంట నడిచి వచ్చే సౌకర్యాలే. నోట్ల రూపంలో చేతికి అందని ఈ ప్రయోజనాల మీద పన్ను వేయాలా, వేస్తే ఎంత వేయాలి, దానిని ఉద్యోగి కట్టాలా యాజమాన్యం కట్టాలా అన్న వివాదం మన దేశంలో దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. మహానగరాలలోని కంపెనీ అధికారుల విషయంలో ఇది కేవలం గణాంకాల తగవు. ఊరంతా కంపెనీ కట్టినదే అయిన బస్తర్ గనుల ప్రాంతంలో ఇదే ప్రశ్న వేలాది కుటుంబాల నెలసరి బడ్జెట్‌ను తాకుతుంది.

కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 ఆగస్టు 18న విడుదల చేసిన ఒక ప్రకటన ఈ ప్రశ్నకు కొత్త మలుపు ఇచ్చింది. సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ, యాజమాన్యం ఇచ్చే ఇంటికి విలువ కట్టే రేట్లను తగ్గించడంతో ఆగలేదు. "మారుమూల ప్రాంతం" అన్న మాటకు ఉన్న నిర్వచనాన్ని కూడా మార్చివేసింది. ఈ రెండవ మార్పుకు తగినంత ప్రచారం లభించలేదు. బస్తర్‌కు సంబంధించినంతవరకు అసలు సంగతి అందులోనే ఉంది.

అడవిలో వెలసిన ఊళ్లు

హైదరాబాద్ ప్రధాన కార్యాలయంగా పనిచేసే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అనగా ఎన్.ఎం.డి.సి., 1958లో ఏర్పడింది. దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా కొండలలో ఆ సంస్థ తవ్వే ఇనుప ఖనిజం దేశంలోకెల్లా మేలైన రకాలలో ఒకటి. 1968లో కిరండూల్ వద్ద, 1977లో బచేలి వద్ద గనులు ఉత్పత్తి ప్రారంభించాయి. జపానుకు ఖనిజం ఎగుమతి చేసే నిమిత్తం కొత్తవలస నుంచి కిరండూల్ వరకు తూర్పు కనుమలను తొలిచి రైలుమార్గం వేశారు. ఆ మార్గం ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపింది, ఉత్తరాంధ్ర కుటుంబాలను కొండ ఎక్కించింది. బైలదిల్లా కాలనీలలో తెలుగు మాట నేటికీ వినిపించడానికి కారణం ఇదే.

గనులు తెరిచిన నాడు అక్కడ అద్దెకు ఇల్లు లేదు, వైద్యుడు లేడు, బడి లేదు. మనుషులను అక్కడ నిలబెట్టాలంటే సంస్థే ఇళ్లు కట్టాలి, నీళ్లు తేవాలి, ఆసుపత్రి నడపాలి. కాబట్టి క్వార్టరు అక్కడ జీతంలో అదనపు భాగంగా పుట్టలేదు. పొక్లెయినర్ వలె, కన్వేయర్ బెల్టు వలె గని నడవడానికి అవసరమైన సాధనంగానే పుట్టింది. ఉద్యోగికి అది లాభమా, లేక యాజమాన్యం పని జరిపించుకోవడానికి పెట్టిన ఖర్చా అన్న తర్కం ఇక్కడే మొదలవుతుంది.

పన్నుల శాఖ వాదననూ తోసిపుచ్చలేము. ఒకే జీతం గల ఇద్దరిలో ఒకడు పన్ను కట్టగా మిగిలిన సొమ్ముతో అద్దె చెల్లిస్తున్నాడు. మరొకడికి కంపెనీ ఉచితంగా ఇల్లు ఇచ్చింది. ఇద్దరినీ ఒకే గాట కట్టడం మొదటివాడికి అన్యాయం. పైగా సౌకర్యాలను పన్ను లేకుండా వదిలివేస్తే యాజమాన్యాలు జీతాలను సౌకర్యాలుగా మార్చి ఖజానాకు గండి కొడతాయి. వాదన సబబైనదే. కాని మొదటివాడికి అద్దె ఇల్లు దొరికే ఊరు ఉండాలన్నది ఆ వాదనలో దాగి ఉన్న షరతు.

ఇంటిని చూడని కొలత

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 17(2) సెక్షను యాజమాన్యం ఇచ్చే ఇంటిని జీతంలో భాగంగా పరిగణించింది. విలువ కట్టే పద్ధతిని 1962 నాటి నిబంధనలలోని 3వ నిబంధన చెబుతుంది. 2001కి పూర్వం ఈ లెక్కలో ఇంటికి రాగల న్యాయమైన అద్దెకు స్థానం ఉండేది. 2001లో దానిని తొలగించి, ఉద్యోగి జీతంలో ఇంత శాతం అని నిర్ణయించే పద్ధతి తెచ్చారు. ఊరి జనాభాను బట్టి శాతం మారుతుంది. 2023 సవరణకు ముందు ఇది 15, 10, 7.5 శాతాలుగా ఉండగా, సవరణ తరువాత 40 లక్షలు మించిన నగరాలకు 10 శాతం, 15 నుంచి 40 లక్షల వరకు 7.5 శాతం, తక్కిన ఊళ్లకు 5 శాతం అయింది. ఇందుకు 2011 జనగణనను ప్రాతిపదికగా తీసుకున్నారు. ఉద్యోగి నుంచి వసూలు చేసే అద్దెను ఈ విలువ నుంచి మినహాయిస్తారు.

ఈ కొలతలో ఇల్లు ఎక్కడా కనిపించదన్నది గమనార్హం. ఒకే వరుసలోని రెండు క్వార్టర్లలో ఉంటున్న ఇద్దరికి జీతాలు వేరైతే ఇంటి విలువా వేరవుతుంది. సీనియారిటీ పెరిగి జీతం పెరిగితే, గోడకు సున్నమైనా వేయకుండానే ఇంటి విలువ పెరిగిపోతుంది. 2023 సవరణ ఈ అసంగతాన్ని కొంత సరిచేసింది. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉండేవారికి మొదటి సంవత్సరపు విలువను ద్రవ్యోల్బణ సూచికకు మించి పెంచరాదని పరిమితి విధించింది.

ప్రభుత్వోద్యోగులకు వర్తించే లెక్క మరొకటి. వారి ఇంటి విలువ ప్రభుత్వం నిర్ణయించిన లైసెన్సు ఫీజు మాత్రమే. అది సాధారణంగా స్వల్పంగానే ఉంటుంది. దంతెవాడ కలెక్టరేటులో పనిచేసే అధికారికి లైసెన్సు ఫీజు కొలమానం, అదే జిల్లాలో ప్రభుత్వ రంగ సంస్థ అధికారికి జీతంలో శాతం కొలమానం. ఈ తేడా మీద ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అరుణ్ కుమార్ కేసులో 2006 సెప్టెంబరు 15న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం నిబంధన చెల్లుతుందని చెప్పింది. అయితే ముందుగా యాజమాన్యం ఉద్యోగికి నిజంగా "రాయితీ" ఇచ్చిందని తేలాలని, అప్పుడే ఈ లెక్క వర్తిస్తుందని కూడా స్పష్టం చేసింది. ఉద్యోగులకు దక్కిన ఈ ఊరట ఎంతో కాలం నిలవలేదు. 2007 ఆర్థిక చట్టం ద్వారా కేంద్రం, నిర్ణీత విలువ కన్నా అద్దె తక్కువైతే రాయితీ ఇచ్చినట్లే భావించాలని 2002 నుంచి వర్తించేలా సవరణ తెచ్చింది. కోర్టు తెరిచిన తలుపును పార్లమెంటు మూసివేసింది.

యాజమాన్యం మీద పడే భారం

పన్ను ఉద్యోగిదే అయినా దాని బరువు మొదట దిగేది యాజమాన్యం భుజం మీదనే. సౌకర్యాల విలువను లెక్కగట్టి, ప్రతి నెలా జీతంలో పన్ను కోసి ఖజానాకు జమ చేయవలసిన బాధ్యత దానిదే. విలువ తక్కువ కట్టి పన్ను తక్కువ కోస్తే ఆ లోటుకు, వడ్డీకి యాజమాన్యమే బకాయిదారు అవుతుంది.

2002లో ప్రభుత్వం మరొక మార్గం తెరిచింది. నగదేతర సౌకర్యాలపై పన్నును యాజమాన్యం తన జేబులోంచి కట్టవచ్చును. అలా కట్టిన పన్నును తిరిగి ఉద్యోగి ఆదాయంగా చూపరు. ఉద్యోగికి ఇది వరం వంటిదే. కాని అలా కట్టిన సొమ్మును కంపెనీ తన వ్యాపార ఖర్చుగా చూపుకోవడానికి 40(ఎ)(వి) సెక్షను ఒప్పుకోదు. అంటే కంపెనీ లాభంలోంచి, ఆ లాభంపై తన పన్ను కట్టిన తరువాత, ఉద్యోగి పన్ను కట్టాలి. జీతం పెంచితే ఖర్చుగా చెల్లుతుంది, పన్ను భరిస్తే చెల్లదు. పన్ను భరించే ఔదార్యానికి ఈ మేరకు అదనపు ధర ఉన్నది.

నేరుగా యాజమాన్యం మీదనే పన్ను వేసిన ప్రయోగం కూడా ఒకటి జరిగింది. 2005-06 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి పి.చిదంబరం ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్‌ను ప్రవేశపెట్టారు. ఏ ఉద్యోగికి ఎంత లాభం చేరిందో విడదీయలేని ఉమ్మడి ఖర్చులలో కొంత భాగాన్ని ప్రయోజనంగా భావించి, దానిపై 30 శాతం పన్ను యాజమాన్యం నుంచి రాబట్టడం దీని సారాంశం. ఉద్యోగుల సంక్షేమానికి వంద రూపాయలు ఖర్చు చేస్తే అందులో 20 రూపాయలు ప్రయోజనం, దానిపై పన్ను 6 రూపాయలు. క్లబ్బు సదుపాయాలపై వంద ఖర్చయితే 50 రూపాయలు ప్రయోజనం, పన్ను 15 రూపాయలు. సర్‌ఛార్జి, సెస్సు దీనికి అదనం. నష్టాలలో ఉండి ఆదాయపు పన్ను కట్టనక్కరలేని కంపెనీ కూడా ఈ పన్నును తప్పించుకోలేదు.

గనుల కంపెనీలకు ఆ చట్టంలో కొన్ని మినహాయింపులు లేకపోలేదు. ఇంటి నుంచి పని స్థలానికి నడిపే బస్సు, చట్టం విధించిన బాధ్యతల నిర్వహణకు పెట్టే ఖర్చు, వృత్తిపరమైన ప్రమాదాల నివారణ, కంపెనీ ఆసుపత్రిలో ప్రథమ చికిత్స వంటివాటిని పన్ను నుంచి తప్పించారు. శిశు సంరక్షణ కేంద్రాలకు, ఉద్యోగుల క్రీడా పోటీలకు, అతిథి గృహాలకు మినహాయింపు రావడానికి మాత్రం 2008 వరకు ఆగవలసి వచ్చింది. ఊరిలో కంపెనీది తప్ప మరొక వసతి గృహం లేని చోట అతిథి గృహాన్ని విలాసంగా లెక్కించిన తీరు, నగరంలో కూర్చుని రాసిన చట్టం అడవిలో ఎలా తడబడుతుందో చెప్పడానికి చాలు. లెక్కల జంజాటంపై పారిశ్రామిక వర్గాల నుంచి వచ్చిన నిరసనల దరిమిలా 2009 జులై బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ ఈ పన్నును రద్దు చేశారు. సౌకర్యాల భారం మళ్లీ ఉద్యోగి ఖాతాకు చేరింది.

వస్తు సేవల పన్ను వచ్చాక ఇదే వివాదం కొత్త వేషంలో తలెత్తింది. ఉద్యోగికి ఇచ్చే సౌకర్యాన్ని "సరఫరా"గా భావించి జీఎస్టీ వేయాలా అన్న సందేహానికి 2022 జులై 6 నాటి సర్క్యులర్ తెర దించింది. ఉద్యోగ ఒప్పందంలో భాగంగా ఇచ్చే సౌకర్యాలు ఈ పన్ను పరిధిలోకి రావని అది తేల్చింది.

మారుమూల అంటే ఏది?

ఇక అసలు సంగతి. గని వద్ద, ప్రాజెక్టు నిర్మాణ స్థలంలో, ఆనకట్ట లేదా విద్యుదుత్పత్తి కేంద్రం వద్ద పనిచేసేవారికి ఇచ్చే ఇంటిని 3వ నిబంధన రెండు సందర్భాలలో పన్ను లెక్క నుంచి తప్పిస్తుంది. మొదటిది: ఇల్లు తాత్కాలికమైనదై, నిర్ణీత విస్తీర్ణం దాటకుండా, పురపాలక సంఘం పొలిమేరకు కనీసం 8 కిలోమీటర్ల ఆవల ఉండాలి. ఈ విస్తీర్ణాన్ని 2023లో 800 నుంచి 1000 చదరపు అడుగులకు పెంచారు. రెండవది: ఇల్లు "మారుమూల ప్రాంతం"లో ఉండాలి. ఈ రెండవ సందర్భంలో ఇల్లు తాత్కాలికమై ఉండాలన్న షరతు లేదు.

పాత నిర్వచనం విచిత్రమైనది. 20 వేలకు మించని జనాభా గల పట్టణానికి కనీసం 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటే మారుమూల అని అది చెప్పేది. దగ్గరలో చిన్నపాటి పట్టణం ఉన్నా చాలు, ఆ చోటు మారుమూల కాకుండా పోతుంది. కిరండూల్, బచేలి వంటివి గని పుణ్యమా అని తామే చిన్న పట్టణాలుగా ఎదిగినవి. అడవిలో ఊరు కట్టిన పాపానికి ఆ ఊరు అడవిలో లేదన్నట్టు ఉండేది ఈ నిబంధన.

2023 సవరణ ప్రకారం, లక్ష లేదా అంతకు మించిన జనాభా గల పురపాలక సంఘం పరిధిలో గాని, దాని పొలిమేర నుంచి ఆకాశమార్గాన 30 కిలోమీటర్ల లోపు గాని లేని ప్రాంతమంతా మారుమూలే. బస్తర్ డివిజన్‌లో 2011 జనగణన నాటికి లక్ష దాటిన పట్టణం జగదల్పూర్ ఒక్కటే. కిరండూల్, బచేలి అక్కడికి రోడ్డు మార్గాన నూరు కిలోమీటర్లకు పైనే. నిబంధన పాఠాన్ని ఉన్నదున్నట్టు చదివితే బైలదిల్లా గనులలో పనిచేసేవారి క్వార్టర్లు ఇప్పుడు మారుమూల ప్రాంతపు ఇళ్లు.

నగర్నార్ సంగతి వేరు. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ఉక్కు కర్మాగారం అది. 2022లో ఎన్.ఎం.డి.సి. నుంచి విడదీసి ప్రత్యేక కంపెనీగా చేశారు. 2023 అక్టోబరు 3న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. జగదల్పూర్‌కు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున అది మారుమూల కాదు. నిర్మాణం సాగుతున్న రోజులలో తాత్కాలిక వసతికి ప్రాజెక్టు స్థలం అన్న మినహాయింపు దక్కే అవకాశం ఉండేది. కర్మాగారం పూర్తయి శాశ్వత గృహాలు వచ్చాక ఆ దారీ లేదు.

తేడా ఎంతటిదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. ఏడాదికి రూ.12,75,000 జీతం గల ఇద్దరు ఉద్యోగులను ఊహిద్దాం. ఇద్దరికీ క్వార్టరు ఉన్నది, అద్దె వసూలు లేదు, జీతమంతా ఇంటి విలువ లెక్కకు వస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానంలో రూ.75,000 ప్రామాణిక తగ్గింపు పోగా రూ.12 లక్షలు మిగులుతుంది. అంతవరకు రిబేటు ఉన్నందున బైలదిల్లా గని ఉద్యోగి కట్టవలసిన పన్ను సున్న. నగర్నార్ ఉద్యోగికి ఇంటి విలువగా జీతంలో 5 శాతం, అంటే రూ.63,750 కలుస్తుంది. ఆదాయం రూ.12,63,750 అవుతుంది. రిబేటు పరిమితి దాటింది కాబట్టి శ్లాబుల ప్రకారం పన్ను రూ.69,562. అయితే పరిమితికి మించిన ఆదాయం కన్నా పన్ను ఎక్కువ కారాదన్న మార్జినల్ రిలీఫ్ వల్ల అది రూ.63,750కి తగ్గుతుంది. దానిపై 4 శాతం సెస్సు కలిపితే రూ.66,300. అంటే 63,750 రూపాయల విలువ గల ఇంటి సౌకర్యానికి 66,300 రూపాయల పన్ను. సౌకర్యం కన్నా పన్నే ఎక్కువ!

ఇది అందరి విషయంలోనూ జరిగేది కాదు. రిబేటు గట్టు మీద నిలిచిన జీతాలకే ఈ విపరీతం. కాని అనుభవం గల గని కార్మికుడి, మధ్యస్థాయి ఉద్యోగి జీతాలు చేరే గట్టు అదే కావడం వల్ల దీనిని అరుదైన ఉదాహరణగా కొట్టిపారేయలేము. నగదు రూపంలో ఆదాయం పెరిగినవాడికి పన్ను కట్టడానికి ఆ నగదైనా చేతిలో ఉంటుంది. ఇంటి విలువ పెరిగినవాడు పన్నును జీతంలోంచే కట్టాలి.

తెలుగు నాట సింగరేణి గనులకూ ఇదే గీత వర్తిస్తుంది. రామగుండం జనాభా 2011 నాటికే రెండు లక్షలు దాటింది కనుక గోదావరిఖని మారుమూల కాదు. లక్ష దాటిన పట్టణమేదీ చేరువలో లేని మణుగూరు మారుమూల అవుతుంది. తవ్వేది ఒకే బొగ్గు, యాజమాన్యం ఒకటే, పన్ను లెక్కలు రెండు.

ఆస్ట్రేలియా అనుభవం

ఈ సమస్యను ఎదుర్కొన్న దేశం మనదొక్కటే కాదు. ఆస్ట్రేలియా 1986 నుంచి నగదేతర ప్రయోజనాల పన్నును యాజమాన్యం మీదనే వేస్తున్నది. దాని రేటు 47 శాతం. ఇంత కఠినమైన పన్నులోనూ మారుమూల ప్రాంతపు గృహవసతికి పూర్తి మినహాయింపు ఉన్నది. 14 వేల జనాభా గల పట్టణానికి 40 కిలోమీటర్లు, 1,30,000 జనాభా గల నగరానికి నూరు కిలోమీటర్లు దూరంగా ఉండాలన్నది అక్కడి గీటురాయి. జనాభాకు 1981 జనగణననే నేటికీ ప్రాతిపదికగా వాడుతున్నారు. అందువల్ల గని వల్ల ఊరు పెరిగినంత మాత్రాన మినహాయింపు పోదు. పిల్బరా ఇనుప గనులకు, బైలదిల్లాకు భూగోళంలో ఎంత దూరమున్నా ఈ విషయంలో సమస్య ఒక్కటే. పట్టణపు పరిమాణాన్ని బట్టి దూరాన్ని రెండు మెట్లుగా విభజించిన ఆ పద్ధతి, 30 కిలోమీటర్ల ఏకైక గీత కన్నా వాస్తవానికి దగ్గరగా ఉంది.

లెక్కలోకి రానివారు

చిరుద్యోగుల విషయంలో ఇటీవల ఒక మేలు జరిగింది. కరెంటు, గ్యాసు, పనివారు వంటి కొన్ని సౌకర్యాలపై పన్ను, నగదు జీతం ఒక పరిమితి దాటిన ఉద్యోగులకే వర్తిస్తుంది. ఆ పరిమితి రెండు దశాబ్దాలకు పైగా ఏడాదికి రూ.50 వేల వద్దనే గడ్డకట్టి ఉండగా, 2025 ఆగస్టులో దానిని రూ.4 లక్షలకు పెంచారు. ఇంటికి మాత్రం ఈ పరిమితితో సంబంధం లేదు.

బస్తర్‌కే ప్రత్యేకమైన మరొక అంశం ఉన్నది. ఈశాన్య రాష్ట్రాలలోని నిర్దేశిత ప్రాంతాల, లడఖ్ షెడ్యూల్డు తెగలవారు అక్కడ సంపాదించే ఆదాయానికి 1961 చట్టం 10(26) సెక్షను కింద పన్ను లేదు. రాజ్యాంగం అయిదవ షెడ్యూలులోని బస్తర్‌కు గాని, పాడేరు, భద్రాచలం ఏజెన్సీలకు గాని ఆ మినహాయింపు వర్తించదు. తన తాతముత్తాతల కొండ మీద తవ్వే గనిలో ఉద్యోగం సంపాదించిన గోండు యువకుడు, కంపెనీ క్వార్టరులో చేరితే అందరితో సమానంగా లెక్క చెప్పవలసిందే.

ఇక కాంట్రాక్టు కార్మికులు ఈ చర్చకే దూరం. వారికి క్వార్టరు లేదు కనుక దానిపై పన్నూ లేదు. సౌకర్యాలపై పన్నుకు వెరచి, ఖర్చుకు వెరచి యాజమాన్యాలు స్థిర ఉద్యోగాలను తగ్గించుకుంటూ పోతే అంతిమంగా నష్టపోయేది వీరే.

చేయవలసినదేమిటి?

1961 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త ఆదాయపు పన్ను చట్టాన్ని ఆమోదించింది. 2026 ఏప్రిల్ 1ని దాని అమలు తేదీగా నిర్ణయించారు. సెక్షన్ల అంకెలు మారినంత మాత్రాన పాత చిక్కులు వాటంతట అవే విడిపోవు. ఇందుకు మూడు పనులు జరగాలి.

మొదటిది, మారుమూల ప్రాంతాల జాబితాను ప్రభుత్వమే ప్రకటించాలి. ఆకాశమార్గాన 30 కిలోమీటర్లను ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్న తగవును ప్రతి యాజమాన్యానికీ, ప్రతి పన్ను అధికారికీ వదిలివేయడం వ్యాజ్యాలను ఆహ్వానించడమే. తప్పు లెక్కకు బకాయిదారు అయ్యేది యాజమాన్యం కనుక, అనుమానం ఉన్న చోట అది పన్ను కోయడానికే మొగ్గు చూపుతుంది. ఆ మేరకు ఉద్యోగి నష్టపోతాడు.

రెండవది, "గని వద్ద పనిచేసే ఉద్యోగి" అంటే ఎవరో తేటతెల్లం చేయాలి. కొండ మీద డంపర్ నడిపే కార్మికుడి విషయంలో సందేహం లేదు. కొండ కింద ఆసుపత్రిలో పనిచేసే నర్సు, జీతాల బిల్లు తయారుచేసే గుమాస్తా ఈ మాట పరిధిలోకి వస్తారా? మారుమూల జీవితం వారికీ ఒక్కటే.

మూడవది, రిబేటు అంచున సౌకర్యం కన్నా పన్ను పెరిగిపోయే విపరీతాన్ని తొలగించాలి. నగదేతర సౌకర్యపు విలువను రిబేటు పరిమితి లెక్క నుంచి మినహాయించినా చాలు, నగర్నార్ ఉద్యోగికి జరుగుతున్న అన్యాయం చాలవరకు తొలగుతుంది.

సౌకర్యాలపై పన్ను వేయడం తప్పు కాదు. సౌకర్యానికి, అవసరానికి నడుమ ఉన్న తేడాను గుర్తించకపోవడమే తప్పు. ఢిల్లీలో కంపెనీ బంగళాను, బచేలిలో కంపెనీ క్వార్టరును ఒకే తక్కెడలో తూచే పద్ధతి నుంచి 2023 సవరణ ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు జగదల్పూర్ చుట్టూ గీసిన 30 కిలోమీటర్ల గిరి వద్దనే ఆగిపోకూడదు.